సేవా సంఘం పదికాలాలు నిలవాలంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో సేవా బృందాల పుట్టుకకు కొదవ లేదు. మూడో ఏడు దాటి నిలిచేవే తక్కువ. ఒకే పేటలో ముప్పై, నలభై ఏళ్లు సేవ చేసిన పెద్దల పనిని దగ్గర నుంచి గమనిస్తే, అదంతా ముందస్తు ఏర్పాటు మీద నడిచిందని తెలుస్తుంది. కొత్తగా దిగేవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే.

అపోహ: రక్తదాన శిబిరం ఎంత పెద్దదైతే అంత సేవ.

ఎర్ర రక్తకణాల నిల్వ గడువు 35 నుంచి 42 రోజులు. ప్లేట్‌లెట్లకైతే 5 రోజులే. ఎవరి పుట్టినరోజుకో ఒక్కపూటలో వందల యూనిట్లు సేకరిస్తే, వాడకం లేని గ్రూపుల రక్తం గడువు దాటి వృథా అవుతుంది. అదే మే నెలలో కాలేజీలు మూసి ఎండలు మండుతుంటే దాతలు దొరకరు. తలసీమియా (పుట్టుకతోనే రక్తం సరిగా తయారుకాని జబ్బు) ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, వాళ్లకు సెలవులు ఉండవు.

మీ దగ్గర 120 మంది దాతలుంటే నాలుగు జట్లు చేయండి. నెలకో జట్టు, 30 మంది. రెండు దానాల మధ్య మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఉండాల్సిన ఎడం దానంతటదే కుదురుతుంది. ఒక్కో దాతకు మంచం మీద దాదాపు 20 నిమిషాలు పడుతుంది కాబట్టి నాలుగు మంచాలుంటే మూడు గంటల్లోపు పని పూర్తవుతుంది. శిబిరాన్ని లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకుతోనే పెట్టాలి. దాత వయసు 18 నుంచి 65 మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములు ఉండాలి. 450 మిల్లీలీటర్లు తీయాలంటే బరువు 55 కిలోలు దాటాలి.

కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో చాలామంది ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లే. మన ఉక్కపోతలో ఒంట్లో నీరు తగ్గడం ఇంకో కారణం. ఇడ్లీ, అరలీటరు మంచినీళ్లు శిబిరానికి ముందే ఇవ్వండి. రక్తం ఇచ్చాక పావుగంట కూర్చోబెట్టాలి. హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపే ఆడవాళ్లను అక్కడితో వదిలేయకండి. అంకె కాగితం మీద రాసిచ్చి, దగ్గరి పట్టణ ఆరోగ్య కేంద్రానికి పంపి, మూడు నెలలకు ఫోన్ చేయండి. రక్తం సంచి నిండటంతో సమానమైన సేవ అది.

అపోహ: తుపాను తగ్గగానే పాత బట్టలు, బియ్యం పంచాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన నగరం దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయింది, కుళాయిలు ఆగాయి, ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున మొదటి అవసరాలు నీళ్లు, వెలుగు, విరిగిపడ్డ చెట్లు తీసిన దారి. ఐదుగురున్న ఇంటికి తాగడానికే రోజుకు 15 లీటర్లు కావాలి, అంటే 20 లీటర్ల టిన్ను ఒకటి. బోరు ఉన్నా మోటారు తిరగాలంటే జనరేటరు ఉండాలి.

అందుకే సెప్టెంబరులోనే వీధివారీగా ఒక నోటుబుక్కు రాయాలి. ఏ ఇంట్లో బోరు, ఎవరి దగ్గర జనరేటరు, రంపం, ఎక్కడ గర్భిణి, ఎక్కడ మంచాన పడ్డ పెద్దాయన, ఎవరికి డయాలసిస్, ఎవరికి ఇన్సులిన్. కాగితం మీదే రాయండి, ఫోనులో పెట్టుకుంటే చార్జింగ్‌తో పాటే పోతుంది. కొండవాలు కాలనీల్లో ఇంకొకటి అవసరం: ఇళ్లు ఖాళీ చేసి వెళ్లి తలదాచుకోవాల్సిన బడి తాళం ఎవరి దగ్గరుందో రాత్రిపూట కూడా తెలిసి ఉండాలి.

అపోహ: జనం ఎక్కువ వస్తే బీచ్ శుభ్రమవుతుంది.

చెత్త ఎత్తుకెళ్లే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) బండి ముందే ఖాయం కాకపోతే సంచులు గట్టునే మిగిలి, కుక్కలు చింపి, మళ్లీ అలల్లో కలుస్తాయి. గాజుపెంకులుంటాయి, బూట్లు, మందపాటి చేతితొడుగులు తప్పనిసరి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో లోతుగా పారతో తవ్వొద్దు. గుడ్లు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖకు చెప్పండి.

అపోహ: లెక్క అడగడమంటే అనుమానించడం.

లెక్క చూపించే సంఘానికే రెండోసారి చందా వస్తుంది. నకలు మిగిలే రసీదు పుస్తకం, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా, నెలనెలా నోటీసు బోర్డు మీద జమాఖర్చు. విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు గుర్తింపు (80జీ) ఉన్నా, నగదుగా ఇచ్చింది 2,000 రూపాయలు దాటితే దాతకు పన్ను మినహాయింపు రాదు. ఆ మాట ముందే చెప్పాలి.

అపోహ: పెట్టినవారే ఎప్పటికీ నడిపించాలి.

2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు కావాలి. చాలాచోట్ల ఆ ఏడుగురిలో పని తెలిసింది ఒక్కరికే. ఆయన మంచాన పడితే చెక్కు మీద సంతకం చేసేవారు లేక ఖాతా ఆగిపోతుంది, దాతల నంబర్లు ఆయన ఫోనులోనే ఉండిపోతాయి. కార్యదర్శి పదవీకాలం రెండేళ్లు పెట్టండి. చివరి ఆరు నెలలు తర్వాతి వ్యక్తి ప్రతి పనిలో పక్కనుండాలి. అప్పగించే ఫైలులో నమోదు పత్రం, తీర్మానాల పుస్తకం, రక్తం గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీతో దాతల జాబితా, తుపాను నోటుబుక్కు, తాళాలు ఉండాలి. కొత్త కార్యవర్గం ఎన్నికైన వారంలోనే తీర్మానం నకలు బ్యాంకుకిచ్చి సంతకందారులను మార్పించండి, వాట్సాప్ గ్రూపు అడ్మిన్లుగా కొత్తవారిని చేర్చండి. పాత పెద్దను సలహాదారుగా పెట్టుకోండి, చెక్కుబుక్కు మాత్రం కొత్తవారి చేతికి ఇప్పించండి.