సమాధి మీద గంట

పోయాడనుకుని పూడ్చేశాక పెట్టెలో కళ్లు తెరిస్తే? 18, 19 శతాబ్దాల్లో యూరప్, అమెరికా జనాన్ని నిద్రపోనివ్వని భయం ఇది. దానికి ఆజ్యం పోసింది డాక్టర్లే. 1740లో పారిస్‌లో జాక్ విన్‌స్లో అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త, చావుకు నమ్మదగ్గ గుర్తు ఒళ్లు కుళ్లడమొక్కటే అని రాశాడు. రెండేళ్లకు బ్రూయే అనే మరో డాక్టరు, సమాధుల్లోంచి లేచొచ్చిన వాళ్ల కథలు బోలెడు జోడించి దాన్ని ఫ్రెంచిలో అచ్చేశాడు. ఆ కథల్లో నిజమెంతో గానీ, జనం నమ్మారు. నమ్మరా మరి? స్టెతస్కోప్ వచ్చిందే 1816లో. అప్పటిదాకా నాడి పట్టుకోవడం, ముక్కు దగ్గర అద్దం పెట్టి ఆవిరి పడుతుందేమో చూడటం, అంతే. పైగా కలరా రోజుల్లో శవాన్ని ఎంత త్వరగా పూడ్చేస్తే అంత మంచిదన్న తొందర ఒకటి.

కుళ్లడమే గుర్తయితే, కుళ్లేదాకా ఆగాలి. డాక్టర్ హూఫెలాండ్ చొరవతో జర్మనీలోని వైమార్‌లో 1792 నాటికి అచ్చంగా అందుకే ఒక శవాల ఇల్లు కట్టారు. తర్వాత మ్యూనిక్‌లాంటి ఊళ్లలో శవాల వేళ్లకు తాడు కట్టి, రెండో కొస గంటకు తగిలించి, కాపలా పెట్టేవాళ్లు. ఆ రాత్రి డ్యూటీ ఎలా ఉండేదో ఊహించుకోండి!

అమెరికా వాళ్లు పెట్టెనే మార్చారు. 1868లో న్యూజెర్సీకి చెందిన ఫ్రాంజ్ వెస్టర్ పేటెంట్ తీసుకున్న పెట్టెలో ముఖం మీదుగా నేల పైకి ఒక గొట్టం, ఎక్కి రావడానికి నిచ్చెన, చేతికందేలా గంట తాడు ఉంటాయి. మనిషి నిజంగానే పోయాడని తేలితే గొట్టం పీకేసి ఇంకొకరికి వాడుకోవచ్చట. పొదుపరి!

ఇదంతా అమాయకుల గొడవ అనుకోవద్దు. 1799లో చావు మంచం మీద జార్జ్ వాషింగ్టన్, మూడు రోజులు గడవనిదే తనను సమాధిలో పెట్టొద్దన్నాడు. ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు అదీ చాలలేదు. పోయాక రక్తనాళాలు కోసి, చచ్చానని డాక్టర్లు తేల్చాకే దహనం చేయమని 1895 వీలునామాలో రాసుకున్నాడు.

అప్పటికి యూజీన్ బూషూ అనే ఫ్రెంచి డాక్టరు, స్టెతస్కోప్ పెట్టి వింటే రెండు నిమిషాలపాటు గుండె చప్పుడు లేకపోతే మనిషి పోయినట్టేనని చెప్పి, 1848లో పారిస్ సైన్స్ అకాడమీ బహుమతి కూడా అందుకుని దాదాపు యాభై ఏళ్లయింది. అయినా 1897లో రష్యా చక్రవర్తి కొలువులోని కౌంట్ కార్నిస్-కార్నిక్కి ఇంకో యంత్రం తెచ్చాడు. శవం ఛాతీ మీద గాజు బంతి ఉంటుంది. అది కాస్త కదిలితే చాలు, స్ప్రింగ్ విడిపోయి గొట్టం మూత తెరుచుకుంటుంది, గాలి లోపలికి వెళ్తుంది, పైన జెండా లేస్తుంది, గంట మోగుతుంది. చిక్కల్లా ఒకటే. కుళ్లేటప్పుడు శవం ఉబ్బి కదులుతుంది. చావుకు గుర్తుగా విన్‌స్లో నమ్మమన్న ఆ కుళ్లే, ఇక్కడ బతికున్నాడంటూ గంట కొట్టేది.