గుమ్మంలో నక్షత్రం, సర్టిఫికెట్‌లో హిందూ

డిసెంబర్ దగ్గరపడితే చాలు, ఈ గొడవ మళ్లీ రాజుకుంటుంది. చర్చికి వెళ్లే దళితులకు ఎస్సీ (షెడ్యూల్డ్ కులం) సర్టిఫికెట్ ఏమిటని ఒకరంటారు. చర్చికి వెళ్తే ఊళ్లో కులం పోయిందా అని ఇంకొకరు. మధ్యలో నలిగేది దళిత క్రైస్తవుల ఇళ్లలో జరిగే క్రిస్మస్ పండగ. వీళ్లు క్రైస్తవంలోకి ఎలా వచ్చారన్న కథ, అంటే మిషనరీలు, కరువు, ఒంగోలు సామూహిక బాప్తిస్మాలు, అందరూ ఎన్నోసార్లు చదివినవే కాబట్టి వదిలేద్దాం. ఈ ఇళ్లలో క్రిస్మస్ మారడానికి అసలు కారణం 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు.

అందులో మూడో పేరా చిన్నదే. హిందూ మతం కాక వేరే మతం పాటించేవారిని షెడ్యూల్డ్ కులస్థులుగా పరిగణించరు, అంతే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తీశారు. క్రైస్తవులకు, ముస్లింలకు తీయలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన దగ్గర బీసీ-సీలో, అంటే వెనుకబడిన తరగతుల్లోని ఒక విభాగంలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 1977 జీవోతో కొన్ని రాయితీలు దక్కాయి గానీ, రిజర్వుడ్ నియోజకవర్గంలో పోటీకి, అట్రాసిటీ కేసుకు (ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టేది) అవి పనికిరావు.

దాంతో చాలా ఇళ్లలో రెండు లెక్కలు మొదలయ్యాయి. చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకొకటి.

గుంటూరు వైపు నాకు తెలిసిన ఇల్లు ఒకటుంది. అక్కడి నాయనమ్మకు ఇప్పటికీ క్రిస్మసే పెద్ద పండగ. ఏడాదికి ఒక్కసారి కొత్త బట్టలు అప్పుడే. వారం ముందు నుంచే అరిసెల పాకం వాసన. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, పక్క ఊరికి కూడా కనపడాలని పొడవాటి గడకు నక్షత్రం ఎత్తేవాళ్లట. "మాకూ ఒక పండగుందని తెలియాలి కదయ్యా" అంటుంది. ఇప్పుడా నక్షత్రం ఇంట్లో టీవీ పైన వేలాడుతోంది. చిన్న మనవడు గ్రూప్-2కు చదువుతున్నాడు. "కేకు తినరా, స్టేటస్ మాత్రం పెట్టకు" అని తల్లి టెన్షన్.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. 2024 నవంబర్‌లో ఎస్సీ సర్టిఫికెట్ కోరిన పుదుచ్చేరి మహిళ కేసులో సుప్రీంకోర్టు, పసితనంలో జరిగిన బాప్తిస్మాన్ని, చర్చికి వెళ్లడాన్ని లెక్కలోకి తీసుకుంది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో అడుగు వేసింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసును కొట్టేసింది. పదేళ్లుగా పాస్టర్‌గా ఉన్నాడు కాబట్టి, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా అట్రాసిటీ చట్టం వర్తించదని చెప్పింది. తిట్టారని ఆరోపణ ఎదుర్కొన్నవాళ్లకు అతని కులం గుర్తుందా, మతం గుర్తుందా అన్నది ఆ కేసులో తేలనే లేదు.

అవతలి వాదనా ఉంది. అంటరానితనం హిందూ సమాజంలోది, దానికి పరిహారమే రిజర్వేషన్, కులం లేదని చెప్పే మతంలోకి వెళ్లాక అది అడగకూడదని. తమ వాటా తగ్గుతుందన్న దిగులు హిందూ దళితుల్లోనూ ఉంది. 1985లో మద్రాసులో చెప్పులు కుట్టుకునే క్రైస్తవుడి కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా అదే తీవ్రతతో వివక్ష ఉందని చూపాలంది. దళితపేటకు వేరే చర్చి, వేరే శ్మశానం ఉన్న ఊళ్లవాళ్లు ఇంకేం చూపాలో మరి.

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2009లో ఒకసారి, 2023 మార్చిలో మరోసారి దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇమ్మని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2022 అక్టోబర్‌లో కేంద్రం ఈ విషయం పరిశీలించమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి, రెండేళ్ల గడువిచ్చి, తర్వాత పొడిగించింది.

ఆ ఇంటి పెద్ద మనవడు బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగి. అతనికి సర్టిఫికెట్‌తో పనిలేదు. డిసెంబర్ ఒకటి నుంచే ఫ్లాట్ బాల్కనీలో ఎల్‌ఈడీ నక్షత్రం వెలిగించి ఫొటో పంపుతాడు. నాయనమ్మ ఆ ఫోన్ పట్టుకుని వీధంతా చూపించి వస్తుంది.