పాతపట్నం అన్న పిలుపు మెదడుకెలా అందుతుంది

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సాయంత్రం ఆరింటికి నిలబడితే పక్కవాళ్ల మాట కూడా సరిగ్గా వినపడదు. ఇంజన్ల మోత, మైకులో అనౌన్స్‌మెంటు, పల్లీలమ్మే కుర్రాడి కేక, వెనకాల ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతుంటారు. అంత గోలలోనూ ఆ చివర్నుంచి కండక్టరు "పాతపట్నం, పాతపట్నం" అనగానే ఆ ఊరు వెళ్లాల్సినవాళ్లంతా సంచులు ఎత్తుకుని కదులుతారు. రాజాం వెళ్లేవాళ్లకు అదే పిలుపు చెవిన పడినా పట్టదు. నిజానికి చెవిలోకి వెళ్లేది అందరికీ ఒకటే, ఇంజనూ మైకూ కేకా అన్నీ కలగలిసిపోయిన గాలి కదలిక. అందులోంచి మనకు కావాల్సిన మాటను విడదీసి తీసేది మెదడు.

ఈ మధ్య మా మేనకోడలు ఒక ఉద్యోగ ప్రకటన పంపించింది. మాటను మెదడు ఎలా అర్థం చేసుకుంటుందో పరిశోధించడానికి పోస్ట్ డాక్ కావాలట. పీహెచ్‌డీ అయ్యాక రెండు మూడేళ్లపాటు ఒక ల్యాబ్‌లో చేరి, సొంతంగా ప్రయోగాలు రూపొందించి, పేపర్లు రాసే పనిని అలా అంటారు. పర్మినెంటు ఉద్యోగం కాదు గానీ, పరిశోధకులుగా మన కాళ్ల మీద మనం నిలబడేది అక్కడే. "మావయ్యా, ఇందులో అడిగినవన్నీ నాకు రావు, పెట్టమంటావా వద్దా" అని టెన్షన్ పడుతూ ఫోన్ చేసింది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే నాకు మెదడు గురించి పుస్తకాల్లో చదివినంతే తెలుసు. అయినా ఆ ప్రకటన మూడుసార్లు చదివాక, ఇది మన ఉత్తరాంధ్ర పిల్లలు వెళ్లి తీరాల్సిన పని అని నాకు గట్టిగా అనిపించింది.

ముందు ఆ పని ఎంత కష్టమైనదో చూడండి. ఫోన్లో "రాజాం బస్సు ఎక్కడికి పోయింది" అని మామూలు వేగంతో మాట్లాడి రికార్డు చేసి, ఆ ధ్వని గీతను తెరమీద పెద్దది చేసి చూశాను. రాసినప్పుడు మనం పదాల మధ్య ఖాళీ వదులుతాం కదా, గీతలో ఆ ఖాళీలు లేవు. "బస్సెక్కడికి" అని రెండు పదాలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి, మన సంధులు చేసే పనే అది. తీరా చూస్తే ఖాళీ ఒకటి కనిపించింది, అదీ "ఎక్కడికి"లో క్క దగ్గర, సరిగ్గా పదం మధ్యలో! ఒత్తు పలకడానికి నాలుక వెనకభాగం అంగిలికి ఆనుకుని గాలిని ఆపేస్తుంది, ఆ కాసేపూ నిశ్శబ్దమే. అంటే చెవికి అందే ధ్వనిలో పదం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు నమ్మకంగా ఏదీ ఉండదు. ఆ హద్దులు గీసేది మెదడే. తెలియని భాష వింటే అంతా ఒకటే ప్రవాహంలా అనిపించేది అందుకే, ఆ హద్దులు గీయడం మనకింకా రాదు కాబట్టి.

చెవి చేసే పనీ తక్కువదేం కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టం ఉంటుంది, దాన్ని విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. అందులోని సన్నటి పొర మొదట్లో కీచు శబ్దాలకు, చివర్లో బొంగురు శబ్దాలకు ఎక్కువ కదులుతుంది. ఆ కదలికను నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపే ముఖ్యమైన రోమకణాలు ఒక్కో చెవికి సుమారు 3,500 మాత్రమే. ఇంత చిన్న పనిముట్టుతోనే మనం ఇంట్లోవాళ్ల గొంతులు గుర్తుపడుతున్నాం, వాళ్ల కోపాన్ని పసిగడుతున్నాం. అక్కడినుంచి సంకేతం మెదడు కాండంలో రెండు మూడు మజిలీలు దాటి, కణతల వెనకున్న భాగానికి చేరుతుంది. గోలలో ఒక్క గొంతును ఎలా పట్టుకుంటామన్న ప్రశ్నను 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో ముందుకు తెచ్చారు. 2012లో నిమా మెస్గరానీ, ఎడ్వర్డ్ చాంగ్ అనే పరిశోధకులు మూర్ఛ చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టిన రోగులకు ఇద్దరి మాటలు ఒకేసారి వినిపించారు. ఆ కణత భాగంలో నమోదైన సంకేతాల్లో రోగి శ్రద్ధ పెట్టిన గొంతే స్పష్టంగా ఉంది, రెండోది మసకబారిపోయింది. పాతపట్నం వెళ్లేవాళ్ల తలలోనూ కాంప్లెక్స్ గోల అలాగే వెనక్కి తగ్గి ఉంటుంది.

ఈ విషయం నాకు పుస్తకంలోదిగా మిగలకపోవడానికి కారణం మా నాన్న. ఆయనకు పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. మిగిలింది ఒకటే, "అదే". నీళ్లు కావాలన్నా "అదే", కోపమొచ్చినా "అదే", మనవరాలిని చూసి నవ్వినా "అదే". ఒక్కోసారి ఆ ఒక్క మాటనే పదిరకాల రాగాలు మార్చి అనేవారు, మేం అర్థం చేసుకోలేకపోతే తల పక్కకు తిప్పేసుకునేవారు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన లెబోర్న్ అనే రోగి కూడా ఏమడిగినా "టాన్" అని మాత్రమే అనేవాడు. అతను చనిపోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. ఆ మెదడును పారిస్‌లో ఇప్పటికీ భద్రపరిచి ఉంచారు. 1874లో కార్ల్ వెర్నికె అనే మరో డాక్టరు దీనికి రెండో వైపు చూపించాడు. కణత వెనకభాగం దెబ్బతింటే మాట గలగలా వస్తుంది గానీ అర్థం ఉండదు, ఎదుటివాళ్లు చెప్పేదీ బోధపడదు. ఇప్పుడు చిత్రం ఇంకా చిక్కుపడింది. హికాక్, పోపెల్ అనే పరిశోధకులు 2007లో వివరించిన ప్రకారం, విన్న ధ్వని రెండు దారులు పడుతుంది, ఒకటి అర్థం వైపు, ఇంకొకటి నోటి కదలికల వైపు.

నాన్న దగ్గర నేను చూసిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. స్పీచ్ థెరపీకి తీసుకెళ్లిన చోట బొమ్మ చూపించి "ఇది ఏమిటండీ?" అంటే ఆయన అలా చూస్తూ ఉండిపోయేవారు, కాగితం మీద సున్నా పడేది. అదే మా అక్క ఇంట్లో గిన్నె చేతిలో పట్టుకుని "ఇదేటి నాన్నా?" అంటే పెదాలు కదిపేవారు, ఏదో రాబోతున్నట్టు. ఒక ఇంట్లో జరిగిన దాన్ని రుజువు అనను, అక్క గొంతు అయ్యుండొచ్చు, ఇల్లు అయ్యుండొచ్చు. కానీ అలవాటైన యాస గోలలో కూడా తేలిగ్గా అందుతుందనీ, కొత్త యాసకు మెదడు ఎక్కువ కష్టపడుతుందనీ ప్రయోగాల్లో తేలింది. అలాంటప్పుడు డెబ్బై ఏళ్లు మా యాసలో "ఏటి" అన్న మనిషిని "ఏమిటండీ" అనే భాషలో పరీక్షించి మార్కులేయడం న్యాయం కాదు.

చెవి ఊరినిబట్టి తయారవుతుందనడానికి నాకు బాగా నచ్చే ప్రయోగం ఒకటుంది. "పాత" అనడానికి నాలుక పళ్లకు తగలాలి, "పాట" అనడానికి మడతపడి అంగిలికి తగలాలి. మనకు ఇవి వేర్వేరని ఎవరూ నేర్పక్కర్లేదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ హిందీలోని ఇలాంటి త, ట శబ్దాలనే ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసిపిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో ఎక్కువమంది తేడా పట్టేశారు, పది పన్నెండు నెలలొచ్చేసరికి ఆ పట్టు దాదాపు పోయింది. అంటే ఏడాది నిండకముందే, తనచుట్టూ వినపడని తేడాలను మెదడు పక్కన పెట్టేస్తోంది.

ఇప్పుడు మా వైపు చూడండి. ఇచ్ఛాపురంలో ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు వినే పిల్లలున్నారు. సీతంపేట కొండల్లో సవర పిల్లలు తల్లి ఒడిలో ఒక భాష, బడిలో ఒక భాష వింటారు. సవర మన తెలుగుకు చుట్టం కాదు, అది ముండా అనే వేరే భాషాకుటుంబంలోది. అందులో గొంతులోనే గాలిని టక్కున ఆపి పలికే శబ్దాలున్నాయి, మనలాంటి వాళ్ల చెవికి మొదట అందవు. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉంటూ ఆ శబ్దాలను పట్టుకుని 1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చువేశారు. ఆ మన్యంలో తిరిగినప్పుడే మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకు చెవుడొచ్చింది. మరొకరి భాష వినడానికి వెళ్లి తన వినికిడి పోగొట్టుకున్న మనిషాయన. ఆయన తిరిగిన ఊళ్లలోని పసిపిల్లల మెదళ్లు ఏయే శబ్దాల తేడాలు నిలుపుకుంటున్నాయో, ఏవి వదిలేస్తున్నాయో తెలుసుకోవాలంటే ఆ భాషలు ఒంటబట్టినవాళ్లే ప్రయోగాలు రాయాలి.

మా మేనకోడలి భయం మాత్రం పనిముట్ల గురించి. ప్రకటనలో ఈఈజీ అనుభవం, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాయడం, సంకేతాలను లెక్కలతో వడగట్టే సిగ్నల్ ప్రాసెసింగ్ అడిగారు. ఈఈజీ అంటే తలకు టోపీ తొడిగి, ఎలక్ట్రోడ్ల కింద జెల్ పూసి, మెదడు విద్యుత్తును నమోదు చేయడం. హాన్స్ బెర్గర్ మనిషి తలమీద దాన్ని మొదట పట్టుకున్నది 1924లో. ఒక మాటకు వచ్చే స్పందన కొద్ది మైక్రోవోల్టులే, రెప్ప కొట్టినా అందులో మునిగిపోతుంది, అందుకే ఒకే రకం మాటలు వందలసార్లు వినిపించి సగటు తీస్తారు. మరి మెదడును స్కాన్ చేసే ఎఫ్‌ఎంఆర్‌ఐ ఉందిగా అంటే, అది చూసేది రక్తప్రవాహాన్ని. అది పతాకస్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. మనం సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాం, అంటే ఆ లోపల పాతిక దాకా దాటిపోతాయి. ఎక్కడ జరిగిందో ఎఫ్‌ఎంఆర్‌ఐ చెబుతుంది, ఎప్పుడు జరిగిందో ఈఈజీ చెబుతుంది, రెండూ కావాలి. విజయనగరంలో ఈసీఈ చదివిన ఏ కుర్రాడికైనా సంకేతాన్ని విడదీసే ఫోరియర్ లెక్క తెలుసు, ఫిల్టర్లు తెలుసు. కోడ్ ఆరు నెలల్లో వస్తుంది. చెవి ఆరు నెలల్లో రాదు, ఈ మాటే దానికి రెండుసార్లు చెప్పాను.

అప్లికేషన్ పెడుతోంది. తను ఏ ప్రశ్న మీద పని చేయాలనుకుంటుందో రెండు పేజీలు రాయాలట, యాసమీదే రాస్తానంది. నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. "మావయ్యా, తాతయ్య అంకెలు లెక్కపెట్టింది నీ ఫోన్లో ఉండాలి, పంపించు." ఉంది. మాట పోయినవాళ్లకు కూడా చిన్నప్పటి వరసలు కొన్నిసార్లు మిగులుతాయి, "ఒకటి, రెండు" అని అక్క అందిస్తే నాన్న కూడా కలిపేవారు. పంపేముందు విన్నాను. మూడు, నాలుగు, ఐదు, గొంతు స్పష్టంగా ఉంది, పది దాకా ఎక్కడా తడబడలేదు. ఆ తర్వాత అక్క "ఇదేటి నాన్నా?" అని గిన్నె చూపించినట్టుంది. కాసేపు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు. తర్వాత మెల్లగా, "అదే".