పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ ఎందుకు వద్దన్నారు: రేయ్ సిండ్రోమ్ నేపథ్యం

ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ తగ్గుముఖం పట్టి, బిడ్డ తేరుకుంటున్నాడని తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకునే వేళ రేయ్ సిండ్రోమ్ అనే ఈ జబ్బు మొదలవుతుంది. ఆగని వాంతులు, ఆపైన చిరాకు, పొంతన లేని మాటలు, మగత, చివరికి కోమా. ఇదంతా ఒకటి రెండు రోజుల్లోనే జరిగిపోవచ్చు. కళ్లు సాధారణంగా పచ్చబడవు కనుక, కాలేయం దెబ్బతిన్నదన్న అనుమానం వెంటనే రాదు.

సిడ్నీలోని ఒక పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టుగా (శరీర భాగాలను పరీక్షించి జబ్బును గుర్తించే వైద్యుడిగా) ఉన్న డగ్లస్ రేయ్ 1951 నుంచి ఇలాంటి కేసులు చూస్తూ వచ్చారు. శవపరీక్షలో మెదడు ఉబ్బి కనిపించినా, అందులో ఇన్ఫెక్షన్ జాడ ఉండేది కాదు; కాలేయం మాత్రం సహజమైన రంగు పోయి, సన్నని కొవ్వు బిందువులతో నిండి, అంతటా పసుపుపచ్చగా ఉండేది. మొత్తం 21 మంది పిల్లల్లో 17 మంది చనిపోయారు. ఆ వివరాలను ఆయన, సహచరులు 1963లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. అదే ఏడాది అమెరికాలోని నార్త్ కరోలినా నుంచి జార్జ్ జాన్సన్ బృందం, ఇన్‌ఫ్లుయెంజా-బి అనే రకం ఫ్లూ వ్యాపించిన రోజుల్లో ఇదే తీరున చనిపోయిన 16 మంది పిల్లల గురించి రాసింది.

లోపల జరిగేది ఇది: కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతినడంతో కాలేయం కొవ్వును ఖర్చు చేయలేదు, అమ్మోనియాను యూరియాగా మార్చలేదు. రక్తంలో అమ్మోనియా పెరుగుతుంది, చిన్నపిల్లల్లోనైతే గ్లూకోజ్ కూడా పడిపోతుంది, మెదడు వాస్తుంది.

ఆస్పిరిన్‌పై అనుమానానికి బలం చేకూర్చింది కారెన్ స్టార్కో బృందం అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో చేసి 1980లో ప్రచురించిన అధ్యయనం. జబ్బుపడిన ఏడుగురూ ఆస్పిరిన్ వర్గపు మందు వాడినవారే. అలాంటి జ్వరమే వచ్చి రేయ్ సిండ్రోమ్ రాని 16 మందిలో వాడినవారు ఎనిమిది మంది. ఏడుగురు చాలా చిన్న సంఖ్యే, నిజమే. కాని ఇతర రాష్ట్రాల అధ్యయనాలూ అటే చూపాయి, 1982లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున సలహాలిచ్చే ఉన్నత వైద్యాధికారి) హెచ్చరిక చేశారు. మందు డబ్బాపై ఆ హెచ్చరిక ముద్రించాలన్న ప్రతిపాదన మాత్రం ఆస్పిరిన్ తయారీదారుల అభ్యంతరాలతో అదే ఏడాది వెనక్కి పోయి, 1986లో గానీ తప్పనిసరి కాలేదు. జ్వరం తగ్గించడానికి పారాసిటమాల్ అప్పటికే అందుబాటులో ఉన్నప్పుడు, మరింత రుజువు కావాలంటూ నాలుగేళ్లు గడపడాన్ని శాస్త్రీయ జాగ్రత్తగా నేను అంగీకరించలేను. ఆ ఆలస్యం మూల్యం పిల్లలు చెల్లించారు.

అమెరికాలో 1980లో 555గా నమోదైన కేసులు, 1994–97 మధ్య ఏడాదికి రెండుకు మించలేదు. ఈ తగ్గుదల అంతా ఆస్పిరిన్ మానడం వల్లేనా అన్న చర్చ ఉంది. కొవ్వు ఆమ్లాలను వాడుకోలేని పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించే పరీక్షలు వచ్చాక, పాత కేసుల్లో కొన్ని నిజానికి అవేనని తేలింది. అయినా హెచ్చరిక సడలలేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు వద్దని 1986లో చెప్పిన బ్రిటన్, 2002లో ఆ పరిమితిని పదహారేళ్లకు పెంచింది.

మన ఇళ్లలో పిల్లల జ్వరానికి ఇప్పుడు ఎక్కువగా పారాసిటమాల్ సిరప్పే వాడుతున్నా, పెద్దల తలనొప్పికి తెచ్చుకునే డిస్ప్రిన్‌లో ఉన్నది ఆస్పిరినే. కొన్ని మందుల అట్టలపై అది ఎసిటైల్ సాలిసిలిక్ యాసిడ్ అన్న పేరుతో కనిపిస్తుంది. కవాసాకి వ్యాధి (పిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు) వంటి కొన్ని జబ్బులకు డాక్టర్లే పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తారు. దాన్ని సొంతంగా ఆపకూడదు, కాని ఆ బిడ్డకు ఫ్లూ లేదా ఆటలమ్మ సోకిందని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పాలి.