యూరియా కట్ట ధర, బోరు నీళ్ల కథ

2025 ఖరీఫ్‌లో యూరియా కోసం రాష్ట్రమంతా లైన్లు కట్టింది. సెప్టెంబరులో, వాడకం తగ్గించిన రైతుకు కట్టకు 800 రూపాయలు ఇస్తామని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రకటించారు. మళ్లీ ఆ పాత మాటే పైకొచ్చింది: రైతు అవసరానికి మించి చల్లుతున్నాడు, భూమీ నీళ్లూ పాడవుతున్నాయి. నెల్లూరు వైపు పెన్నా ఆయకట్టులో దీనికి జవాబు వేరేగా వినిపిస్తుంది: తప్పు రైతుది కాదు, ఎరువుల ధరలది.

హరిత విప్లవం సంగతి అందరికీ తెలిసిందే. నెల్లూరు మొలకొలుకులు అనే పాత వరి రకం పొడుగు పైరు, యూరియా ఇచ్చే నత్రజని ఎక్కువైతే పడిపోయేది. పొట్టి రకాలు తట్టుకున్నాయి, యూరియా పెరిగింది. అయితే ఎరువుల పాళ్ల లెక్క తప్పింది అప్పుడు కాదు, 1992 ఆగస్టులో.

అంతకు ముందు ఏడాది బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచి, గొడవయ్యాక 30కి దించారు. 1992 ఆగస్టు 25న భాస్వరం, పొటాష్ ఎరువులపై ధరల నియంత్రణ ఎత్తేశారు. పొటాష్ ధర రెండింతలు దాటింది, భాస్వరం ఎక్కువుండే డీఏపీ కూడా ఎగబాకింది. యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచి పది శాతం తగ్గించారు. 50 కిలోల కట్ట 153 నుంచి 138 రూపాయలకు దిగింది. చేతిలో డబ్బు తక్కువున్న రైతు ఏది కొంటాడు? 1991-92లో దేశం మొత్తం మీద నత్రజని, భాస్వరం, పొటాష్ వాడకం 5.9 : 2.4 : 1 పాళ్లలో ఉండేది. మరుసటి ఏడాదే 9.5 : 3.2 : 1 అయింది. మంచి పాళ్లు 4 : 2 : 1 అని వ్యవసాయ శాఖ వాళ్లే చెబుతుంటారు.

2010లో ఎరువులో ఉన్న పోషకాలను బట్టి సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చినప్పుడు దిద్దుకునే వీలుండింది. యూరియాను మళ్లీ పక్కన పెట్టారు. తర్వాత 2015లో యూరియా గుళికలకు, నత్రజని మెల్లగా విడుదలయ్యేలా, వేపనూనె పూత తప్పనిసరి చేశారు, 2018లో కట్టను 45 కిలోలకు తగ్గించారు. రైతు కట్టల లెక్కన చల్లుతాడు కాబట్టి వాడకం దానంతటదే తగ్గుతుందని ఆశ!

వరి పైరుకు అందేది చల్లిన నత్రజనిలో మూడో వంతు, మహా అయితే నలభై శాతం. నీళ్లు నిలిచిన మాగాణిలో మిగిలినదాంట్లో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. తడిపి ఆరబెట్టే పైర్లలో, సముద్రం పక్క ఇసుక నేలల్లో అది నైట్రేటుగా మారి బోర్ల నీటిలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్లతో కలిపిన పోతపాలు తాగే పసిబిడ్డలకు ప్రమాదం ఎక్కువ. కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలో నైట్రేటు మితిమీరిన జిల్లాలు 2017లో 359, 2023లో 440. ఇందులో మరుగుదొడ్ల గుంతల వాటా, పేడదిబ్బల వాటా కూడా ఉన్నాయి. వేలు మాత్రం ఎప్పుడూ పొలం వైపే చూపిస్తారు.

ఇవాళ యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 1,350. మానేసిన కట్టకు ఇచ్చే ఆ 800 ఏదో డీఏపీ, పొటాష్ ధరలోనే తగ్గించవచ్చు కదా అని రైతులు అడుగుతున్నారు.