దవాఖానలు వద్దన్న గాంధీ పేరే మన దవాఖానకు

ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చి ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడే వాళ్లకు వరంగల్‌లోని ఈ పెద్ద దవాఖాన ఎంజీఎం. ఆ మూడక్షరాలను విడదీసి చదివే ఓపిక ఎవరికుంటది? మహాత్మాగాంధీ స్మారక దవాఖాన. మా అమ్మను చూపించడానికి పోయి ఆ లైన్లో నిలబడ్డ రోజు నా సంచిలో 'హింద్ స్వరాజ్' ఉంది. దవాఖానలు పాపానికి వేర్లని అందులో గాంధీయే రాశారు. లోపల అమ్మ చేతికి బీపీ పట్టీ చుడుతున్నారు. ఆ వాక్యం నాకు మింగుడు పడలేదు.

గాంధీ ఆలోచనను చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు: తూర్పు మంచిది, పడమర చెడ్డది అన్నాడని. అది ఆయనకు అన్యాయం చేసే మాట. అసలు సంగతి తెలియాలంటే 1909కి పోవాలి. ఆ జులైలో లండన్‌లో మదన్‌లాల్ ఢీంగ్రా అనే భారతీయ విద్యార్థి బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపాడు. అక్కడి భారతీయ యువకుల్లో తుపాకీతోనే స్వరాజ్యం వస్తుందనే నమ్మకం బలంగా ఉండేది. వాళ్లతో వాదించి వాదించి గాంధీ తిరుగు ప్రయాణమయ్యారు. దక్షిణాఫ్రికాకు పోయే కిల్డోనన్ కాజిల్ ఓడలో, ఓడ కాగితాల మీదనే, నవంబర్ 13 నుంచి 22 వరకు పది రోజుల్లో గుజరాతీలో ఈ 'హింద్ స్వరాజ్' పుస్తకం రాసేశారు. కుడిచెయ్యి నొప్పి పుడితే ఎడమచేత్తో రాశారు. ఇంగ్లీషు వాళ్లు పోవాలి గానీ వాళ్ల పాలన తీరు ఉండాలనేవాళ్లను ఆయన నిలదీస్తారు: మీకు పులి వద్దు, పులి గుణం మాత్రం కావాలా అని. రైళ్లు, వకీళ్లు, డాక్టర్లు, మిల్లులు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. రైలు రోగాలను ఊరూరికీ మోసుకుపోతుందని, గింజలు ఎక్కువ ధర పలికే చోటికి తరలిపోయి కరువు పెరుగుతుందని ఆయన వాదన.

అదే ఏడాది అక్టోబర్ 14న మిత్రుడు పోలక్‌కు రాసిన ఉత్తరంలో గాంధీ స్పష్టంగానే చెప్పారు: పాశ్చాత్య నాగరికత అంటూ ఏదీ లేదు, ఉన్నది ఆధునిక నాగరికత, అది పూర్తిగా భౌతికమైనది. పుస్తకం చివర చదవమని ఇచ్చిన జాబితాలో కూడా ఎక్కువ పేర్లు టాల్‌స్టాయ్, రస్కిన్, థోరో లాంటి పడమటి వాళ్లవే. మన వాళ్లు దాదాభాయి నౌరోజీ, రమేశ్ చంద్ర దత్.

1910 మార్చిలో బొంబాయి ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. గోఖలేకు అది ముతకగా, తొందరపాటుగా తోచింది. ఏడాది ఇండియాలో ఉంటే గాంధీయే దాన్ని చించేస్తాడన్నారాయన. గాంధీ చించలేదు. అయితే 1921లో, రైళ్లనూ దవాఖానలనూ పడగొట్టడం తన పని కాదని రాశారు. 1924 జనవరిలో పుణె ససూన్ దవాఖానలో అపెండిసైటిస్ ఆపరేషన్ చేయించుకున్నారు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో పూర్తి చేశారు. నాకు ఇది మాట తప్పడంగా కనిపించదు. దవాఖాన పాపమా కాదా అన్నదాని కన్నా, దాని వల్ల మనిషికి తన మీద తనకు అదుపు పోతున్నదా అన్నదే ఆయన బెంగ.

1945 అక్టోబర్‌లో గాంధీ నెహ్రూకు మళ్లీ 'హింద్ స్వరాజ్' ఆలోచన గురించే రాశారు. ఆ పుస్తకంలోని చిత్రం తనకు ఎన్నడో చదివినప్పుడే అవాస్తవమనిపించిందని నెహ్రూ 9న జవాబిచ్చారు. పద్నాలుగేళ్లకు, 1959 అక్టోబర్ 10న, ఆయనే వచ్చి మన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. దానికి అనుబంధ దవాఖాన ఎంజీఎమ్మే.

ఇక ఊరి సంగతి. గాంధీ ఊరిని చూసిన చూపుతో మన తాతలు చూడగలిగేవాళ్లా? నిజాం కాలపు తెలంగాణలో ఊరంటే వెట్టి. 'నీ బాంచెన్ దొరా' అనలేక ఊరు విడిచినవాళ్లకు కాజీపేట రైలూ, 1934లో వరంగల్‌కు వచ్చిన ఆజంజాహి బట్టల మిల్లూ ఊపిరి పోసినవే. యంత్రం ఉంటేనే కష్టజీవికి తీరిక దొరుకుతుందని, ప్రకృతికి తిరిగి పొమ్మనడమంటే కోట్ల మందిని మళ్లీ పేదరికంలోకి నెట్టడమేనని 1945లో అంబేద్కర్ రాసింది ఇక్కడి బతుకుకే దగ్గరగా ఉంది. ఈ విషయంలో నేను అంబేద్కర్ పక్షమే.

కానీ మనిషికి తన మీద తనకు అదుపు పోతున్నదా అని గాంధీ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదలదు. ఆజంజాహి మిల్లు మూతపడింది. వరంగల్ కొత్తవాడలో గుంటమగ్గం మీద కాళ్లాడిస్తూ జంపఖానా, అంటే నేల మీద పరిచే నూలు తివాచీ, నేసే పెద్దాయన పక్కన ఇంకో మగ్గం ఖాళీగా ఉంటుంది. ఇక్కడి జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ ఖాళీ మగ్గం మనిషి మాత్రం సూరత్‌లో పవర్‌లూమ్ నడుపుతున్నాడు. పండక్కి వచ్చి, మళ్లీ రైలెక్కుతాడు.