గడ్డివామి దగ్గర గీసిన గీత

నిఠారీ వరుస హత్యల కేసులో మిగిలిన చివరి శిక్షను కూడా సుప్రీంకోర్టు 2025 నవంబరు 11న కొట్టేసింది. నోయిడాలో ఆ ఇంటి దగ్గరి కాలువలో ఎముకలు బయటపడి అప్పటికి పంతొమ్మిదేళ్లు కావస్తోంది. నిందితుడు ఒప్పుకున్నాడు కదా, ఎముకలూ దొరికాయి కదా, ఇంకేం సాక్ష్యం కావాలి అని జనం అడగడం సహజమే.

అయితే ఆ ఒప్పుకోలు మేజిస్ట్రేటు ముందుకు వచ్చేసరికి నిందితుడు 60 రోజులుగా పోలీసు కస్టడీలో ఉన్నాడు. లాయరు సాయం కూడా సరిగా లేదు. ఇక ఎముకల సంగతి. నిందితుడు వచ్చి చూపించక ముందే అక్కడ జనం పోగయ్యారు, అక్కడేముందో పోలీసులకూ తెలుసు. అందరికీ తెలిసిన చోటును ఒకడి చేత చూపిస్తే అది రికవరీ, అంటే అతని మాట వల్ల దొరికినది, ఎలా అవుతుంది?

పోలీసుల ముందు ఒప్పుకుంటే కోర్టులో చెల్లదని సినిమాలు చూసేవాళ్లకూ తెలుసు కాబట్టి 1872 నాటి సాక్ష్య చట్టం కథ వదిలేద్దాం. చిక్కంతా దాని మినహాయింపుతోనే, అంటే ఆ చట్టంలోని పాత 27వ సెక్షన్‌తోనే వస్తోంది. కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట వల్ల ఏదైనా బయటపడితే, అందుకు సంబంధించినంత మాట చెల్లుతుంది. ఆ ‘సంబంధించినంత’ ఎంత అన్నది తేలింది మన గుంటూరు జిల్లా కేసులో.

పులుకూరి కోటయ్య కేసు అది. పులిపాడు చెరువు మూల పొద్దుగూకే వేళ మాటు వేసి ఇద్దరిని కొట్టి చంపారని అభియోగం. నిందితుల్లో ఒకడు పోలీసులకు చెప్పింది క్లుప్తంగా ఇదీ: అందరం కలిసి చంపాం, ఈటెనూ నా కర్రనూ ఊళ్లో ఫలానా వాళ్ల గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను, కోటయ్య పురమాయిస్తేనే ఇదంతా చేశాం. ఈటె దొరికింది కాబట్టి నేరంతో దాన్ని ముడిపెట్టే మాటలు కూడా చెల్లుతాయన్నది అప్పట్లో మద్రాసు హైకోర్టు పద్ధతి. 1937లో ఫుల్ బెంచ్ అలాగే తేల్చింది.

అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1946 డిసెంబరులో దాన్ని తిప్పికొట్టింది. తీర్పు రాసింది బొంబాయి మాజీ చీఫ్ జస్టిస్ సర్ జాన్ బ్యూమాంట్. కత్తి మా ఇంటి కప్పులో ఉందని నిందితుడు చెబితే కొత్తగా తెలిసింది కత్తి కాదు, కత్తులు ఏనాడో కనిపెట్టారు, అది అక్కడ ఉన్నట్టు ఇతనికి తెలుసన్నదే కొత్త సంగతి అన్నాడు. ‘దాచాను, చూపిస్తాను’ అన్నంతవరకే తీసుకుని, ‘చంపాం’ అన్నది కొట్టేశాడు. ఒక వస్తువు దొరికితే చాలు ఒప్పుకోలు మొత్తం చెల్లుతుందంటే, పోలీసులు తమ ‘ఒప్పించే శక్తి’తో ఆ పని కానిచ్చేస్తారని చురక కూడా అంటించాడు.

గీత బాగానే గీశాడు. గీతకు ఇవతల ఉన్న ఆ ఒక్క వాక్యం ఎలా రాబట్టారన్నది మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ ఎనభై ఏళ్లలో అది ఒక మూస వాక్యమైపోయింది. పోలీసులు సాక్షుల ముందు రాసే ఏ మధ్యవర్తుల నివేదిక (పంచనామా) తిరగేసినా ‘మీరు నా వెంట వచ్చినచో చూపగలను’ అనే ఉంటుంది. దొంగ మారినా, హంతకుడు మారినా మాట మారదు.

దీన్ని పసిగట్టినవాడు రాజమండ్రి మనిషి, జస్టిస్ కోకా సుబ్బారావు. 1960లో దేవ్‌మన్ ఉపాధ్యాయ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఇక్కడా చెరువే, అందులోంచి తీసిన గండాసా, అంటే గొడ్డలిలాంటి ఆయుధం. కస్టడీలో లేనివాడు చెబితే చెల్లని మాట కస్టడీలో ఉన్నవాడు చెబితే చెల్లడమేమిటని సుబ్బారావు అడిగారు. నిజానికి ఒత్తిడి ఎక్కువుండేది లోపలున్నవాడి మీదే కదా. ఆ సెక్షన్ సమానత్వ హక్కుకు విరుద్ధమన్నారు. నలుగురు ఒకవైపు, ఆయన ఒక్కరే మరోవైపు. సెక్షన్ నిలిచింది.

పోలీసుల వాదన కూడా ఉంది. కళ్లారా చూసినవాళ్లు ఉండరు, ఉన్నా కోర్టులో మాట మార్చి హోస్టైల్ అవుతారు, రికవరీ కూడా తీసేస్తే ఏం మిగులుతుందంటారు. ఎస్పీ స్థాయి అధికారి రికార్డు చేసిన ఒప్పుకోలు చెల్లాలని 2003లో నేర న్యాయ సంస్కరణలపై వేసిన మలిమత్ కమిటీ కూడా చెప్పింది. ఉగ్రవాదంపై తెచ్చిన టాడా, పోటా, వ్యవస్థీకృత నేరాలపై మహారాష్ట్ర తెచ్చిన మోకా చట్టాల్లో ఆ వీలు కల్పించారు కూడా. మోకా కింద తీసుకున్న ఒప్పుకోళ్లనే ముంబై రైలు పేలుళ్ల కేసులో హైకోర్టు నమ్మలేదు. 2025 జులై 21న 12 మందినీ విడిచిపెట్టింది. ఆ తీర్పును ఇతర కేసుల్లో వాడొద్దని మూడు రోజులకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. పాత సాక్ష్య చట్టంలోని 25, 26, 27 సెక్షన్లు కొత్తదైన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా ఒకచోట చేరాయి, సారం మారలేదు. సోదాను, జప్తును వీడియో తీయాలని సీఆర్పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 105వ సెక్షన్ చెబుతోంది. అంటే కెమెరా గడ్డివామి దగ్గర మొదలవుతుంది. అంతకుముందు రాత్రి స్టేషన్లో జరిగింది కావాలంటే అక్కడి సీసీ కెమెరాలే దిక్కు. ప్రతి స్టేషన్లో అవి ఉండాలని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది. 2025 సెప్టెంబరులో, రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో 11 మంది కస్టడీలో చనిపోయారన్న వార్త చూసి, ఆ కెమెరాలు ఏమయ్యాయని తనంతట తానే కేసు తీసుకోవాల్సి వచ్చింది.